పెట్టెకు కుడిపక్కన

ఇక నేను కదలకూడదు. ఎడమకాలు కుడికాలి కిందికి మడిచి ఉంది, అది అలాగే ఉండాలి. చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి, అవీ అక్కడే ఉండాలి. ఇప్పుడే, నా కళ్లముందే, తేనెటీగల పెట్టె గుమ్మంలోంచి మిగతావాటికంటే పొడుగ్గా, రాగిరంగు పొట్టతో ఒక ఈగ బయటికొచ్చి, చెక్క అంచు మీద రెండడుగులు నడిచి, తల ఎత్తి, ఏదో మరిచిపోయినట్టు ఒక్క క్షణం ఆగి, గాల్లోకి లేచింది. లేచింది లేచినట్టు పోలేదు. వెనక్కి తిరిగి పెట్టెకేసి మొహం పెట్టి ఎడమకీ కుడికీ ఉయ్యాల ఊగినట్టు ఊగింది. పెట్టెని చూసింది. పెట్టె వెనక సున్నం రాలిన గోడని చూసింది. కొళాయినీ, దాని కింద బోర్లించిన బకెట్టునీ, బట్టలేవీ లేని దండేన్నీ చూసింది. పెట్టెకు కుడిపక్కన, మూరెడు దూరంలో, నీలం స్టూలు మీద పసుపు చొక్కా వేసుకుని కూర్చున్న నన్ను చూసింది. ఊగి ఊగి ఆ ఉయ్యాల పెద్దదై, గోడంత ఎత్తుకి, పక్కింటి మేడంత ఎత్తుకి పోయి ఎండలో కలిసిపోయింది. వంటింటి కిటికీలోంచి గోడగడియారం కనిపిస్తోంది, మెడ తిప్పక్కర్లేదు. ఒంటిగంటా ముప్ఫై అయిదు. పొగాయన చెప్పిన ప్రకారం పావుగంట, మహా అయితే అరగంట. అది తిరిగొచ్చేదాకా ఈ పెరడు అది వెళ్లేటప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి. పెరట్లో ఉన్నవాటిలో నేనూ ఒకదాన్ని కాబట్టి నేను లేవకూడదు.

నవ్వొస్తోంది, కానీ నవ్వితే భుజాలు కదులుతాయి. పొగాయన రాత్రి ఫోన్లో చెప్పినప్పుడు కూడా నవ్వే వచ్చింది. నిన్న మధ్యాహ్నం ఇదే వేళకి కొత్త రాణి మొదటిసారి బయటికొచ్చి రెండు నిమిషాలు పెట్టె ముందే తిరిగి లోపలికి పోయింది, నేను స్టూలు మీద కూర్చుని చూశాను అని చెప్పాను. ఏం వేసుకున్నావ్ అన్నాడు. పసుపు చొక్కా అన్నాను. రేపూ అదే వేసుకో, అదే స్టూలు, అదే చోటు. నిన్ను కూడా గుర్తుల్లో రాసుకుని ఉంటుంది అన్నాడు. ఒకసారి ఆయన పెట్టె పక్కన ఎవరో ఆకుపచ్చ బండి ఒకటి వారంపాటు నిలిపి ఉంచారట. రాణి పైకెగిరిన పది నిమిషాలకి బండివాడొచ్చి బండి తీసుకుపోయాడట. రాణి తిరిగొచ్చి, ఆకుపచ్చ లేని తన పెట్టెని తనది కాదనుకుని, నాలుగడుగుల అవతల ఇంకో పెట్టెలో దూరిందట. పరాయి గుమ్మంలో రాణికి ఏమవుతుందో వేరే చెప్పాలా అన్నాడు. చెప్పక్కర్లేదు, అక్కడి ఈగలు చంపేస్తాయి. అందుకే పొద్దున అక్క, ఇదేంటే నిన్నటి చొక్కాయే, ఇంట్లో బట్టలకి కరువొచ్చిందా అంటే ఊరుకున్నాను. ఆ చొక్కాతోనే దుకాణానికి వెళ్లాను, ఒంటిగంటకి అన్నానికొచ్చాను, నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కుని ఇక్కడ కూర్చున్నాను. రెండింటికల్లా మళ్లీ దుకాణంలో ఉండాలి. ఉండను. ఉండను అంతే.

పొగాయన అన్న పేరు నేను పెట్టింది కాదు. మా కళ్లద్దాల దుకాణానికి మొదటిసారి వచ్చినరోజు ఆయన వెళ్లిపోయాక కూడా గంటసేపు పొగవాసన పోలేదు, ఈగలు శాంతించడానికి పెట్టెలకి పట్టే పొగ. మా సారు ఫ్యాను పెంచి, ఆ పొగాయన మళ్లీ ఎప్పుడొస్తాడు అని అడిగారు, పేరు అలా నిలిచిపోయింది. దగ్గరివి కనపడట్లేదమ్మా అన్నాడు ఆయన. ఏం చదువుతారు తాతా అన్నాను, ఎంత దూరానికి అద్దం కావాలో తెలియాలి కదా. చదవను, గుడ్లు చూస్తాను అన్నాడు. కోళ్లు పెంచుతారా అన్నాను. జేబులోంచి అగ్గిపెట్టెలో పెట్టిన మైనం ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. ఆరుపలకల గదులు, ఒక్కో గది అడుగున నిలబెట్టిన నూక పలుకులో సగమంత తెల్లటిది, ఈగ గుడ్డు. నాకు కనిపించింది. ఇక్కడుంది, ఇక్కడుంది, ఇక్కడ లేదు అని నేను చెబుతుంటే ఆయన వేలు నా మాట వెనకే నడిచింది. అక్షరాల పటం ముందు కూర్చున్నవాళ్లు చాలామంది కనపడనివి కనపడ్డాయని అంటారు, ఊహించి చదివేస్తారు, అదేదో పరీక్ష అయినట్టు. ఆయన మాత్రం ఒక్కటీ కనపడలేదని చెప్పాడు. అద్దాలు తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు పెట్టుకుని చూసి, ఇంకెప్పుడూ తాతా అనకు, ఇప్పుడు బాబాయినే అన్నాడు. ఆ తర్వాత ఆదివారాలు ఆయన పెట్టెల దగ్గరికి వెళ్లడం మొదలైంది. ముసుగులో చెమటకి ఆయన అద్దాలు మసకేసినప్పుడల్లా, అమ్మాయ్, గుడ్డుందా అనేవాడు. ఉంది బాబాయ్. ఎన్నాళ్లది? నిలబడి ఉంది, ఇవాళ్టిది. నీ కళ్లుంటే నేనీపాటికి ఇంకో వంద పెట్టెలు పెట్టేవాణ్ని అనేవాడు. కిందటేడు చలికాలం అయిపోతుండగా నాలుగు తేనెపట్టు చట్రాల చిన్న పెట్టె ఒకటి తెచ్చి ఈ గోడవార పెట్టి, ఇది నీది అన్నాడు. నీది అని ఎవరైనా ఇచ్చిన వస్తువు కోసం మనసులో వెతుక్కున్నాను, వెంటనే ఏదీ తోచలేదు.

అత్తయ్య, అంటే బావ వాళ్ల అమ్మ, ఆరోజు వంటింటి గుమ్మంలో నిలబడి నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. ఇంట్లో ఇప్పటికే నోట్లో నాలుక లేని పిల్ల ఒకతి ఉంది, ఇప్పుడు ఇవి పదివేలు, అన్నిటికీ నోరే అంది. బావ నవ్వాడు, అక్క నా మొహం చూసి నవ్వాపుకుంది. ఆ మాట నిజమే. ఊళ్లో బడిలో హాజరు పిలిచేటప్పుడు నేను పలికేదాన్ని, పలికిన సంగతి నాకు తెలిసేది, మాస్టారికి తెలిసేది కాదు. వారం రోజులు వరసగా నేను రాలేదని రాసుకుని, ఎనిమిదోరోజు నాన్నని పిలిపించారు. నాన్న వచ్చి తలుపు దగ్గర నిలబడి, అదుగో ఉందిగా సార్, మూడో బల్ల మీద అన్నాడు. పిల్లలందరూ వెనక్కి తిరిగి చూశారు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశారు. నాకు సిగ్గుకంటే ఆశ్చర్యం ఎక్కువ వేసింది, ఏడురోజులు నేను అక్కడ లేనన్నమాట అని. ఇప్పుడు ఆకాశంలో ఎక్కడో, మేడలకి పైన, ఒక బుర్రలో, ఆవగింజంత బుర్ర, అందులో ఒక మూల పసుపు మచ్చ ఉంది, ఆ మచ్చ నేను. దానికి ఎడమపక్కన ఇల్లు అని రాసి ఉంది. వీపు దురదగా ఉంది. ఉండనీ.

ఒంటిగంటా నలభై అయిదు. పుప్పొడి మోసుకొచ్చే ఈగలు పలచగా వస్తున్నాయి, కాళ్లకి లేత పసుపు ముద్దలు. గుమ్మం దగ్గర నాలుగైదు నిలబడి ఉన్నాయి, లోపలికీ పోవు, బయటికీ ఎగరవు. నాలాగే. ఇవన్నీ ముసలివైపోతున్నాయి. వేసవి మొదట్లో ఈగ బతుకు ఆరువారాలు, ఎక్కువ పనిచేస్తే ఇంకా తక్కువ. లోపల ఒక్క గుడ్డు లేదు, ఒక్క పిల్లపురుగు లేదు, పదమూడు రోజులుగా పుట్టేవే తప్ప గుడ్డు పెట్టేవి లేవు. గుడ్డుంటే దాన్నే మేపి ఇంకో రాణిని చేసుకోగలవు, గుడ్డే లేదు. ఇప్పుడు జతకట్టడానికి వెళ్లిన రాణి తిరిగి రాకపోతే ఇక అంతే, రోజుకి కొన్ని చొప్పున గుమ్మం ముందు రాలి, ఒకనాటికి పెట్టె ఖాళీ అవుతుంది. పొగాయన తన పెట్టెలన్నీ లారీకెత్తి పూలతోటల వైపు వెళ్లాడు, నెలాఖరుకి గానీ రాడు, ఫోన్లో మాట తప్ప గుడ్లున్న చట్రం చేతికి ఇవ్వలేడు. బావ కూడా నెలాఖరు అన్నాడు. అప్పటికీ రాణి లేకపోతే పెట్టె పొగాయన తీసుకుపోతాడు, అమ్మకి ఇంక నేను సర్దిచెప్పలేను అన్నాడు. తప్పులేదు. రాణి లేని ఈగలకి చిరాకెక్కువ. కిందటివారం కొళాయి దగ్గరికొచ్చిన అత్తయ్యని కంటిరెప్ప మీద కుట్టాయి, రెండురోజులు ఆ కన్ను తెరుచుకోలేదు. మూసిన కన్నుతోనే నన్ను చూసినట్టు అనిపించేది.

కానీ రాణి లేకుండా చేసింది ఈగలు కావు, నేను. అది ఒప్పుకుంటే తప్ప ఇక్కడ కూర్చోవడానికి అర్థం లేదు. పదిరోజుల కిందటి ఆదివారం. పొగాయన వెళ్లేముందు చెప్పాడు, చట్రం అంచుల్లో వేరుశనక్కాయల్లా వేలాడేవి కనిపిస్తే అవి కొత్త రాణుల గదులు, వాటిని కోసెయ్, కొయ్యకపోతే పాత రాణి సగం గుంపుని వెంటేసుకుని లేచిపోతుంది అని. పెట్టె తెరిచాను. వేరుశనక్కాయలు కనిపించాయి, తొమ్మిది. ఈగలు కొంచెం పలచగా ఉన్నాయనిపించింది, ఎండ బాగుంది కదా, బయటికి పోయుంటాయి అనుకున్నాను. కొయ్యమన్నాడు, కోశాను. గుడ్లున్నాయా, రాణి ఉందా, ఒక్కసారి చూసి కొయ్యి అని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఎన్నో ఆదివారాలు గుడ్డుందా అని అడిగితే చూసి చెప్పినదాన్ని, అడిగేవాళ్లు లేని రోజున చూడలేదు. వంటింటి చాకుతో ఒక్కొక్కటీ మొదలంటా కోసి, గోటితో నొక్కి గిన్నెలో వేశాను. తెల్లటి పాలు, పాలలో తెల్లటి రాణి, కళ్లకి మాత్రం అప్పుడే ఊదారంగు వస్తోంది. ఒకటి. రెండు. ఎనిమిది. తొమ్మిదోది కోసి అరచేతిలోకి తీసుకున్నాను, బొటనవేలి గోరు దాని మీద పెట్టాను. అత్తయ్య కిటికీలోంచి, మొన్న గురువారమే సగం పోయాయిగా, ఇంకా ఏం కోస్తున్నావ్ అంది. ఏం పోయాయి అత్తయ్యా? ఈగలే, నల్లమబ్బులా లేచి గోడ దాటి పోయాయి, పీడ విరగడైంది అనుకున్నా, నీకు తెలుసనుకున్నా. గోరు అక్కడే ఆగిపోయింది.

ఆ అరచెయ్యి ఇప్పుడు నా ఒళ్లో ఉంది. ఆరోజు కూడా దీన్ని ఇలాగే కదలకుండా పట్టుకున్నాను. పాత రాణి మూడురోజుల కిందటే వెళ్లిపోయింది, నేను కోసి చంపినవే ఈ పెట్టెకి మిగిలిన రాణులు, అరచేతిలో ఉన్నది ఆఖరిది. వంటింట్లోకెళ్లి ఎడమచేత్తో ఫోను నొక్కాను. పొగాయన, దాన్ని తిరగెయ్యకు, వేలాడినప్పుడు ఎటుందో అటే ఉంచు, చలి తగలనివ్వకు, మెల్లిగా నడువు అన్నాడు. మెల్లిగా నడిచాను. వంటింటి నుంచి పెట్టెకి పద్దెనిమిది అడుగులు, పద్దెనిమిదిలో ఒక్కటి కూడా గట్టిగా వెయ్యలేదు. అక్క జడలోంచి పిన్ను లాగి ఇచ్చింది, ఎందుకని అడగలేదు. నడిమి చట్రంలో మైనానికి ఆ పిన్నుతో గుచ్చి, పక్క చట్రం దగ్గరికి జరిపి, మూత పెట్టాను. ఫోన్లో పొగాయన ఇంకా ఉన్నాడు. పెట్టేశావా? పెట్టాను. సరే, ఇక ఏడవాలంటే ఏడువ్ అన్నాడు. ఏడవలేదు. గిన్నె కడిగాను. గురువారం, శుక్రవారం, శనివారం పెట్టెని చెవితో విన్నాను, చేత్తో ముట్టలేదు. ఆదివారం తెరిచి ఒక్క చట్రమే పైకెత్తాను. పిన్ను గుచ్చిన గది కొన ఎవరో చక్కగా కోసిన మూతలా గుండ్రంగా తెరుచుకుని, ఒక అంచున ఇంకా అంటుకుని వేలాడుతోంది. పక్కనుంచి చింపితే వేరే ఈగలు చంపినట్టు. కొన నుంచి తెరుచుకుంటే తనే బయటికొచ్చినట్టు. తనే బయటికొచ్చింది.

ఒంటిగంటా యాభై రెండు. వంటింటి తలుపు కిర్రుమంది. అత్తయ్య. చేతిలో బకెట్టు, బకెట్టులో ఉతికిన దుప్పట్లు, తెల్లవి, పెద్దవి, నాలుగు. దండెం సరిగ్గా పెట్టె ముందునుంచి పోతుంది. దుప్పటి పడితే పెట్టె కనపడదు, నేను కనపడను, గోడ కనపడదు, ఎగిరే రాణికి కిందంతా తెల్లగా ఊగుతూ ఉంటుంది. నోరు తెరిచాను. ఎప్పటిలాగే మొదటిసారి గొంతు రాలేదు. అత్తయ్య ఒక దుప్పటి చివర పట్టుకుని దులిపింది.

"అత్తయ్యా, ఆరెయ్యకండి."

ఆవిడ ఆగింది. నేను గట్టిగా అన్నందుకు ఆగిందో, కదలకుండా బొమ్మలా కూర్చుని పెదాలు మాత్రం కదిపినందుకు ఆగిందో. రాణి బయటికి వెళ్లింది, వచ్చేదాకా ఇక్కడ ఏదీ మారకూడదు అని చెప్పాను. అంత పొడుగు మాట ఈ ఇంట్లో నేను ఎప్పుడు మాట్లాడానో గుర్తులేదు.

"అంటే నీ మహారాణి షికారు ముగిసేదాకా మా దుప్పట్లు ఆరకూడదా?"

"ఆరకూడదు అత్తయ్యా."

"ముందు వరండాలో ఎండ లేదు. మేడ మీదికి మోయాలంటే నీ మోకాళ్లు నాకు అప్పిస్తావా?"

"అరగంట ఆగండి. నేనే మోస్తాను, నాలుగూ."

దుప్పటి చివర ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది, నీళ్లు కారుతున్నాయి. నా మీద జాలి ఆవిడకి ఎప్పుడూ లేదని కాదు. అక్కతో పాటు వచ్చి, చదువు పేరుతో, తర్వాత ఉద్యోగం పేరుతో ఉండిపోయిన మరదలిపిల్లని నాలుగేళ్లుగా మాట ఒకటి అన్నా, కంచంలో తక్కువ పెట్టలేదు. అయినా నాలుగేళ్లలో నేను వద్దు అని ఆవిడతో అన్నది ఇదే మొదలు. కంటిరెప్ప ఇంకా కొంచెం వాచే ఉంది. ఆ కంటితో పెట్టెకేసి చూసి, నాకేసి చూసి, దుప్పటిని బకెట్టులో పడేసి మెట్టు మీద కూర్చుంది. మీరు లోపలుంటే మంచిదేమో అత్తయ్యా, అది వెళ్లేటప్పుడు మీరు లేరు అన్నాను. ఓహో, నా ఇంట్లో నన్ను లేనట్టు ఉండమంటావు అంది. కానీ లేచి గుమ్మం లోపలికి జరిగి, నీడలో కూర్చుంది. గొణుగుతూనే ఉంది. గొణుగుడు రాణికి వినపడదు. గొణగనీ.

రెండు దాటింది. లోపల ఫోను మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. ఆ మోత దుకాణానిదని నాకు తెలుసు. ఇవాళ రెండున్నరకి బడి పంతులమ్మ ఒకావిడ వస్తుంది, ఆవిడ అద్దాలకి అంచులు నేనే అరగదీశాను, చట్రంలో బిగించడమే మిగిలింది. మా సారు చేతులు ఈమధ్య వణుకుతాయి, చిన్న మరలు ఆయన వల్ల కావు, ఆ సంగతి ఆయనా నేనూ ఎప్పుడూ అనుకోం. అక్క ఫోను చేత్తో మూసి గుమ్మంలోకి వచ్చింది. మీ సారే, ఇంకా బయల్దేరలేదా అంటున్నారు. ఆలస్యమవుతుందని చెప్పు. ఎంత? తెలీదు. తెలీదని చెప్పనా? నువ్వే వచ్చి చెప్పరాదూ? లేవలేను అక్కా. కాలు తిమ్మిరెక్కిందా? కాలు ఎప్పుడో తిమ్మిరెక్కింది, ఇప్పుడు నాకు ఎడమకాలు ఉందో లేదో తెలియడం లేదు, కానీ కారణం అది కాదు. నేను లేస్తే అది ఇల్లు కనుక్కోలేదు అన్నాను. చిన్నప్పుడు పరీక్షకి నేను పలక మరిచిపోయి వెళ్తే ఊరి చివరిదాకా పరిగెత్తుకొచ్చి ఇచ్చి, ఒక్కమాట అనకుండా వెనక్కి నడిచిన మనిషి అక్క. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, కొంచెం ఆలస్యమవుతుందండీ, ఒక మనిషి కోసం చూస్తోంది అని చెబుతూ లోపలికి పోయింది.

రెండూ పది. ముప్ఫై అయిదు నిమిషాలు. మహా అయితే అరగంట అన్నాడు పొగాయన, మహా అయింది. కరెంటు తీగ మీద తోక రెండుగా చీలిన నల్లపిట్ట ఒకటి వాలింది. చెయ్యి విసిరితే చాలు, పోతుంది. విసరకూడదు. పిట్ట తీగ వదిలి గాల్లోకి దూకి, మలుపు తిరిగి, ముక్కుతో టక్కున ఏదో అందుకుని మళ్లీ తీగ మీదికొచ్చింది. ఏమిటది? నా కళ్లు దూరానికి కూడా మంచివే, కానీ ఎండ ఎదురుగా ఉంది. పొడుగ్గా ఉందా? రెక్కలు దులిపి మింగింది. పోతుటీగ అయ్యుండాలి, అవి లావుగా, బద్ధకంగా ఎగురుతాయి, పిట్టలకి అవే దొరుకుతాయి. తూనీగ అయ్యుండాలి. పిట్ట మళ్లీ దూకింది. పెట్టె ముందుకి వచ్చింది. చిరాకెత్తిన ఈగ ఒకటి పిట్టని వదిలి నా మీదికొచ్చి మెడ దగ్గర, చెవి కింద, కుట్టింది. నిప్పు కణిక పెట్టినట్టు. చెయ్యి తనంతట తను లేవబోయింది, వేళ్లు మోకాలి మీద బిగించాను. ముల్లు లోపలే ఉంది, దాని వెనక విషపు తిత్తి ఇంకా కొట్టుకుంటూ విషం ఎక్కిస్తూ ఉంటుంది, గోటితో గీకి తీసేస్తే సగం నొప్పి తగ్గుతుంది. ఎక్కించనీ. ఎనిమిదింటిని గోటితో నొక్కినప్పుడు నాకు నొప్పి లేదు. ఇది దానికి జమ కాదు, అలా లెక్కలు తెగవు, కానీ నేను మాత్రం చెయ్యెత్తను. కళ్లలో నీళ్లు వచ్చాయి, రెప్పలు ఆర్చకుండా ఉంటే అవే జారిపోయాయి.

రెండూ పదిహేడు. ఇంకో ఆలోచన వచ్చింది, అది కుట్టినదానికంటే గట్టిది. అసలు నేను ఏ గుర్తూ కాకపోతే? ఆకాశంలోంచి చూసే దానికి గోడ చాలేమో, పెట్టె చాలేమో, పసుపు చొక్కా ఉన్నా లేకపోయినా ఒకటేనేమో. పొగాయన కథ కథేనేమో, బండి పోయినందుకే రాణి దారి తప్పిందని ఎవరు చూశారు? మా సారు దుకాణంలో ఒక్కరే ఉన్నారు, మర జారి కిందపడి ఉంటుంది, నేల మీద వెతుక్కుంటూ ఉంటారు. ఏమో. కానీ ఏమో అన్నచోటల్లా లేచిపోవడం చాలా తేలిక. నేను లేచాక అది రాకపోతే, నేను లేచినందుకే రాలేదని ఎప్పటికీ అనుకుంటాను. కూర్చున్నా రాకపోతే, కనీసం కూర్చున్నాను. పొద్దు వాలి ఈ గోడ నీడ పెట్టె మీద పడేదాకా అది రావచ్చు. అప్పటిదాకా కూర్చుంటాను. అనుకున్నాక మెడ నొప్పి కూడా తన చోట తను సర్దుకున్నట్టు అనిపించింది. నీడ ఇంకా గోడ మొదట్లోనే ఉంది. గుమ్మం లోపల అత్తయ్య గొణుగుడు ఆగిపోయి చాలాసేపైంది.

గుమ్మం దగ్గరి ఈగల్లో ఒకటి వెనక్కి తిరిగింది. తల పెట్టెకేసి, తోక బయటికి, తోక పైకెత్తి, రెక్కలు కొట్టడం మొదలుపెట్టింది. పక్కది కూడా. తర్వాత పది, తర్వాత ఇరవై, చెక్క అంచంతా తోకలెత్తి రెక్కలు ఆడిస్తూ, లోపలి వాసనని బయటికి తోస్తూ. నిమ్మ ఆకు నలిపినట్టు సన్నటి వాసన నా దాకా వచ్చింది. పైనుంచి ఒక చప్పుడు, మిగతావాటికంటే లావుగా, కొంచెం అలిసిన చప్పుడు. పొడుగు పొట్ట, దానికి చాలనట్టుండే పొట్టి రెక్కలు, వేలాడుతున్న కాళ్లు. పెట్టె ముందుకి కాదు, నా ముందుకి వచ్చింది. రొమ్ము దగ్గర, పసుపు చొక్కాకి జానెడు దూరంలో, గాల్లో నిలబడింది. రాగిరంగు మీద ఎండ. అంత దగ్గర. తర్వాత ఎడమకి, కచ్చితంగా ఎడమకి, మూరెడు జరిగింది, చెక్క మీద వాలింది, తోకలెత్తిన ఈగల మధ్యనుంచి నడిచింది, లోపలికి పోయింది. రెండూ ఇరవై ఆరు.

అది వాలిన ఆ రెండు క్షణాల్లో నేను చూడాల్సింది చూశాను. ఈసారి ఎవరూ అడగలేదు, అయినా చూశాను. జతకట్టి వచ్చిన రాణికి తోక చివర తెల్లటి పీలిక ఒకటి అంటుకుని ఉంటుంది. దీనికి లేదు. తోక నున్నగా, ఖాళీగా ఉంది. యాభై నిమిషాలు ఎక్కడెక్కడో తిరిగి, వెళ్లిన పని కాకుండానే, ఇంటికి మాత్రం వచ్చింది.

"వచ్చినట్టేనా?" అంది అత్తయ్య లోపలినుంచి, మెల్లిగా, ఈగలకి వినపడుతుందేమో అన్నట్టు.

"వచ్చింది అత్తయ్యా. కానీ పని కాలేదు. రేపు మళ్లీ వెళ్తుంది."

"రేపు కూడానా?"

"రేపు కాకపోతే ఎల్లుండి కూడా. అయ్యేదాకా."

"వాన పడితే?"

"వాన పడితే అది వెళ్లదు."

"దానికున్న పాటి బుద్ధి," అని ఆగింది ఆవిడ. మిగతాది అనలేదు. బయటికొచ్చి బకెట్టు అందుకోబోయింది. ఉండండి, నేను మోస్తానన్నాను కదా అని స్టూలు మీదనుంచి లేచాను, ఎడమకాలు ఉన్నచోట ఏమీ లేనట్టుండి గోడ పట్టుకున్నాను. ఆవిడ నా మెడ చూసి, నిలబడు అని దగ్గరికొచ్చి, గోటితో ఒక్క గీత గీకి ముల్లు తీసి, చూపించి, ఊది పారేసింది. మళ్లీ ఫోను మోగుతోంది. అక్క దాన్ని చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఏం చెప్పమంటావ్ అన్నట్టు చూసింది. ఇటివ్వు అన్నాను. కాల్లో వెయ్యి సూదులు లేస్తున్నాయి, ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ వెళ్లి తీసుకున్నాను. సార్, వస్తున్నాను, పదినిమిషాల్లో ఉంటాను, మరలు ముట్టుకోకండి అని చెప్పాలి, అది ముందు చెప్పాలి. రేపటినుంచి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటిదాకా రాను, ఎన్నాళ్లో తెలియదు, పొద్దున ఎనిమిదింటికే వచ్చి పని పూర్తి చేస్తాను అని చెప్పాలి. అవతల మా సారు హలో అన్నారు. ఎప్పుడూ ఆయన మాట్లాడటం అయ్యాక నేను ఊఁ అనేదాన్ని. ఆయన రెండో మాట అనేలోపు మొదలుపెట్టాను.